చేదబావి నీటిలో బ్లీచింగ్ పౌడర్ కలిపే పద్ధతి: కొలత నుంచి పరీక్ష దాకా

ఆరడుగుల వ్యాసం, పదడుగుల నీరు ఉన్న మామూలు చేదబావికి ఎంత బ్లీచింగ్ పౌడర్ కావాలని అడిగితే, ఎక్కువమంది కిలో అంటారు, కొందరు అరకిలో అంటారు. నీరు తేటగా ఉన్న రోజుల్లో ఆ బావికి సరిపోయేది ఇంచుమించు 20 గ్రాములు. అదే బావి వరదలో మునిగి తేలితే కిలోకు పైగా కావాలి. ఈ రెండు లెక్కల మధ్య ఉన్న తేడా తెలియనందువల్లనే ఒకచోట పొడి వృథా అయి నీరు నోట పెట్టలేనంత ఘాటెక్కుతుంది, మరొకచోట బ్లీచింగ్ కొట్టామన్న నిశ్చింతతో జనం శుద్ధి కాని నీటినే తాగుతారు. చాలా ఏళ్ల పాటు గోదావరి లంక గ్రామాల్లో వరద తీసిన ప్రతిసారీ బావుల వెంట తిరిగిన అనుభవంతో, కొలవడం, తూచడం, కరిగించడం, బావిలో కలపడం, ఆగడం, పరీక్షించడం అనే ఆరు పనులను ఏ ఒక్కటీ వదలకుండా చేసే విధానాన్ని ఇక్కడ వివరిస్తున్నాను. బావి గట్టు చుట్టూ ముగ్గులా తెల్లగా పొడి చల్లి వెళ్లిపోవడం ఈ ఆరింటిలో ఏదీ కాదు. దానివల్ల బావిలోని నీటికి ఒక్క చుక్క మేలు కూడా జరగదు.

ముందుగా చేతిలో ఉన్న వస్తువు ఏమిటో తెలుసుకుందాం. తడిపి ఆరబెట్టిన సున్నపు పొడి మీదుగా క్లోరిన్ వాయువును పంపితే బ్లీచింగ్ పౌడర్ తయారవుతుంది. 1799లో స్కాట్లండ్‌లోని గ్లాస్గోకు చెందిన చార్లెస్ టెనెంట్ దీనికి పేటెంట్ పొందాడు. అంతకుముందు నేత బట్టలను తెలుపు చేయడానికి వాటిని పచ్చిక బయళ్లలో నెలల తరబడి ఎండబెట్టేవారు, ఆ శ్రమను ఈ పొడి కొన్ని రోజులకు తగ్గించింది. పేరులో ఉన్న ‘బ్లీచింగ్’ అక్కడిదే. బట్ట మీది రంగును విరగ్గొట్టే క్లోరిన్ గుణమే నీటిలోని కలరా, టైఫాయిడ్, రక్తవిరేచనాల క్రిములను కూడా చంపుతుంది. తాజా పొడిలో పనికొచ్చే క్లోరిన్ బరువులో సుమారు మూడో వంతు, అంటే 33 శాతం ఉంటుంది. మిగిలినదంతా ప్రధానంగా సున్నమే. ఈ ఒక్క విషయాన్ని గుర్తుంచుకుంటే తర్వాత చెప్పబోయే జాగ్రత్తల్లో సగం వాటంతట అవే అర్థమవుతాయి.

పొడిని కొనేటప్పుడు సంచి మీద తయారీ తేదీ చూడండి. గాలి, వెలుతురు, తేమ, ఈ మూడూ దాని సత్తువను రోజురోజుకూ లాగేస్తాయి. మంచి పొడి చేతిలో పొడిపొడిగా రాలుతుంది, మూత తీయగానే ముక్కుకు ఘాటు తగులుతుంది. గడ్డలు కట్టి, చెమ్మగిల్లి, వాసన పోయిన పొడి దాదాపు వట్టి సున్నంతో సమానం. దానిని ఎంత పోసినా నీరు బరువెక్కడమే తప్ప శుద్ధి కాదు. రెండు మూడు నెలలకు సరిపడినంత మాత్రమే కొని, బిగుతు మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో, చీకటిగా, చల్లగా, పిల్లలకు అందకుండా ఉండే చోట దాచండి. రేకు డబ్బాలో పోస్తే కొద్ది వారాల్లోనే తుప్పు పట్టి చిల్లులు పడుతుంది. కిరోసిన్, డీజిల్, ఎరువులు, పురుగు మందులు ఉన్న గదిలో దీనిని ఎంతమాత్రం ఉంచకూడదు, ఎందుకంటే నూనెలతోనూ యూరియా వంటి ఎరువులతోనూ కలిసినప్పుడు మంటలు లేదా విషవాయువులు పుట్టే ప్రమాదం ఉంది. ఈత కొలనుల కోసం అమ్మే గుళికల రూపంలోని హైపోక్లోరైట్‌లో క్లోరిన్ 65 నుంచి 70 శాతం వరకు ఉంటుంది కనుక, ఇక్కడ చెప్పే తూకాలు దానికి వర్తించవు.

ఇక పనిలోకి దిగుదాం. మొదటిది కొలత.

టేపుతో బావి లోపలి వ్యాసాన్ని, అంటే ఒరల లోపలి అంచు నుంచి ఎదుటి లోపలి అంచు వరకు, అడుగుల్లో కొలవండి. తర్వాత చేంతాడు చివర రాయి కట్టి, అది అడుగుకు తగిలే వరకు దింపి, పైకి లాగి, తాడు తడిసిన మేర ఎంతో కొలవండి. అదే నీటి ఎత్తు. వ్యాసాన్ని వ్యాసంతోనే గుణించి, ఆ వచ్చినదాన్ని నీటి ఎత్తుతో గుణించి, దానిని మళ్లీ 22తో గుణిస్తే బావిలో ఎన్ని లీటర్ల నీరుందో ఇంచుమించుగా తేలుతుంది. ఆరడుగుల వ్యాసం, పదడుగుల నీరు ఉన్న మన బావికి 6 × 6 × 10 × 22 అంటే 7,920, లెక్క కోసం 8,000 లీటర్లు అనుకుందాం. మీటర్లలో కొలిచేవారు వ్యాసాన్ని వ్యాసంతో, నీటి ఎత్తుతో, 785తో గుణించాలి. నలుచదరపు బావి అయితే పొడవును వెడల్పుతో, లోతుతో గుణించి, అడుగుల లెక్క అయితే 28తో హెచ్చించండి. వేసవిలో నాలుగడుగులకు దిగిన నీరు శ్రావణంలో పన్నెండడుగులకు చేరుతుంది కాబట్టి, ఏప్రిల్‌లో రాసుకున్న లెక్కతో ఆగస్టులో పొడి కలపడం మానండి. కొలవడానికి పట్టేది పది నిమిషాలు.

మెట్లు దిగి నీరు ముంచుకునే దిగుడు బావులకు ఈ పద్ధతిని సూచించను. కాళ్లు తడిసే నీరే కడవలోకి వస్తుంది కనుక, ఉదయం కలిపిన క్లోరిన్ మధ్యాహ్నానికే ఆ మురికితో ఖర్చయిపోతుంది. ఆంధ్ర ప్రాంతంతో సహా దేశంలో అనేకచోట్ల పెద్దవాళ్లు నేటికీ గుర్తుచేసుకునే నారికురుపు (గినియా వార్మ్) వ్యాధి అలాంటి బావుల నుంచే వ్యాపించేది. 2000 సంవత్సరంలో మన దేశం ఆ వ్యాధి నుంచి బయటపడినట్టు ధ్రువీకరణ జరిగింది, అందులో మెట్ల బావులను చేదబావులుగా మార్చిన పని పెద్ద పాత్ర వహించింది.

రెండవది తూకం. ఆరోగ్యశాఖ శిక్షణల్లో చాలాకాలంగా చెప్పే మోటు లెక్క ఏమిటంటే, 1,000 లీటర్ల తేట నీటికి 2.5 గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడర్. ఆ లెక్కన మన 8,000 లీటర్ల బావికి 20 గ్రాములు. కిరాణా కొట్టు తక్కెడలో ఇంత చిన్న తూకం సరిగా రాదు. ఇప్పుడు తక్కువ ధరకే దొరికే చిన్న డిజిటల్ త్రాసు మీద ఒకసారి తూచి, పొడిగా ఉన్న ఒక ప్లాస్టిక్ మూతలో ఆ 20 గ్రాములు ఎంతవరకు వచ్చాయో గీత పెట్టుకుంటే ప్రతిసారీ త్రాసు వెతుక్కోనక్కరలేదు.

అయితే మోటు లెక్క మోటు లెక్కే. మూడు బావుల్లో నీరు ఒకే కొలతలో ఉన్నా, ఒకదానిలో వేపాకు రాలి కుళ్లుతుంటే, మరొకదానిలో ఇనుము ఎక్కువగా ఉంటే, ఇంకొకదానికి కాలువ ఊట కలుస్తుంటే, అవి తాగే క్లోరిన్ వేరువేరుగా ఉంటుంది. నీటిలోని మురికి ముందుగా తన వంతు క్లోరిన్‌ను తినేసి, ఆ తర్వాత మిగిలినదే క్రిములను చంపి, తర్వాత కూడా నీటికి కాపలాగా నిలబడుతుంది. దీన్నే మిగులు క్లోరిన్ అంటాం. మనం సాధించవలసింది ఆ మిగులును మాత్రమే. వేసినది ఎంత అన్నది కాదు, మిగిలినది ఎంత అన్నదే ప్రశ్న.

ఏ బావి ఎంత తాగుతుందో తెలుసుకోవడానికి బ్రిటిష్ సైనిక వైద్యుడు విలియం హారక్స్ పేరుతో ఒక పెట్టె ఉంది. ఆరు తెల్ల కప్పుల్లో వేరువేరు మోతాదులు కలిపి, ఏ కప్పులో ముందుగా నీలి రంగు తేలుతుందో చూసి తూకం నిర్ణయిస్తారు. ఆ పెట్టె దొరకకపోయినా నాలుగు బకెట్లతో అదే పని చేయవచ్చు. బద్ధకించి ఈ మెట్టు దాటేయవద్దని ప్రత్యేకంగా కోరుతున్నాను, ఎందుకంటే బావి నీటి గుణాన్నీ, మీరు కొన్న పొడి సత్తువనూ రెంటినీ కలిపి ఒకేసారి చెప్పే పరీక్ష ఇదొక్కటే.

లీటరు మంచినీటిలో 30 గ్రాముల పొడి కలిపి, మూత పెట్టి, సున్నం అడుగుకు దిగనివ్వండి. పైన తేరిన నీరు ఇంచుమించు 1 శాతం క్లోరిన్ ద్రావణం. నాలుగు శుభ్రమైన ప్లాస్టిక్ బకెట్లలో 20 లీటర్ల చొప్పున ఆ బావి నీరే తోడి పెట్టండి. మందుల దుకాణంలో దొరికే సూది లేని సిరంజితో మొదటి బకెట్‌లో 1 మిల్లీలీటరు, రెండో దానిలో ఒకటిన్నర, మూడో దానిలో 2, నాలుగో దానిలో రెండున్నర మిల్లీలీటర్లు ఆ తేటను వేసి, కలిపి, నీడలో మూతలు వేసి గంటసేపు వదలండి. గంట తర్వాత ఒక్కో బకెట్‌లో మిగులు క్లోరిన్ ఎంతో కింద చెప్పిన విధంగా పరీక్షించి, లీటరుకు 0.5 మిల్లీగ్రాముల దగ్గర నిలిచిన బకెట్‌ను ఎంచుకోండి. ఆ బకెట్‌లో వేసిన మిల్లీలీటర్లను ఒకటిన్నరతో గుణిస్తే, 1,000 లీటర్ల బావి నీటికి ఎన్ని గ్రాముల పొడి కావాలో వస్తుంది. మూడో బకెట్ నిలిచిందనుకోండి, 2 × 1.5 అంటే 3 గ్రాములు, మన బావికి మొత్తం 24 గ్రాములు. నాలుగు బకెట్లలోనూ ఏమీ మిగలకపోతే 3, 4, 5 మిల్లీలీటర్లతో మళ్లీ చేయండి. బావికి వాడబోయే సంచిలోని పొడినే ఈ పరీక్షకూ వాడాలి.

నీరు మట్టి రంగులో ఉంటే ముందు దాన్ని తేర్చాలి. మట్టి రేణువుల మాటున దాగిన క్రిములను క్లోరిన్ చేరలేదు. వెనకటి రోజుల్లో ఇళ్లలో మట్టి పాత్ర అంచున చిల్లగింజను అరగదీసి వర్షాకాలపు నీటిని తేర్చుకునేవారు, పటిక కూడా అదే పని చేస్తుంది. ఆ పద్ధతులు బిందెకు సరిపోతాయి. బావి మొత్తం బురదగా ఉంటే పూడిక తీయడం తప్ప దారి లేదు, దాని గురించి తర్వాత చెబుతాను.

మూడవది కరిగించడం. ఈ పనిని ఆరుబయట, గాలి మీ వీపు వైపు నుంచి వీస్తుండగా చేయండి. చేతులకు రబ్బరు తొడుగులు, ముక్కు, నోటికి అడ్డంగా బట్ట, వీలైతే కళ్లద్దాలు ఉండాలి. ఒక ప్లాస్టిక్ బకెట్‌లో తూచిన పొడిని వేసి, కొద్దిగా నీరు చిలకరించి, కర్రతో పలుచని ముద్దగా కలపండి. గడ్డలు పూర్తిగా చితికిన తర్వాత ముప్పావు బకెట్ వరకు నీరు పోసి, బాగా కలియబెట్టండి. ఒక బకెట్‌లో 100 గ్రాములకు మించి వేయకూడదు. మించితే సున్నం మాటున క్లోరిన్ చాలావరకు అడుగునే ఉండిపోతుంది. తర్వాత పది నిమిషాలు కదపకుండా ఉంచండి. తెల్లని సున్నం అడుగుకు దిగి, పైన కొంచెం పచ్చదనం తిరిగిన తేట నీరు నిలుస్తుంది. ఆ తేటను మాత్రమే బావిలో దించే బొక్కెనలోకి మెల్లగా వంచుకుని, అడుగున మిగిలిన సున్నాన్ని బావికి దూరంగా గొయ్యి తీసి పూడ్చండి.

ఈ తేర్చడం దగ్గరే ఎక్కువమంది తొందరపడతారు. పొడిని నేరుగా బావిలో పోస్తే సున్నమంతా నీటిలో కలిసి కాఠిన్యం పెరుగుతుంది. ఒక ఊళ్లో బ్లీచింగ్ కొట్టినప్పటి నుంచి పప్పు ఉడకడం లేదని ఆడవాళ్లు ఆ బావి నీటిని మానేసి, శుద్ధి చేయని చెరువు నీటిని మోసుకెళ్లడం నేను కళ్లారా చూశాను. వాళ్ల ఫిర్యాదు నిజమే. కాఠిన్యం ఉన్న నీటిలో కందిపప్పు మెత్తబడదు. పది నిమిషాల ఓపిక లేకపోవడం వల్ల ఆ వీధి మొత్తం రక్షిత నీటికి దూరమైంది. పైగా సున్నం నీటి క్షారగుణాన్ని పెంచుతుంది, క్షారగుణం పెరిగిన కొద్దీ క్లోరిన్ క్రిములను చంపే శక్తి తగ్గుతుంది.

ఈ సందర్భంలోనే ఒక హెచ్చరిక. బాత్రూములు కడిగే యాసిడ్‌ను గానీ, మరుగుదొడ్లు కడిగే ద్రవాలను గానీ, ఏ ఇతర శుభ్రపరిచే మందును గానీ ఈ పొడితో కలపకండి. యాసిడ్ తగిలిన క్షణంలో క్లోరిన్ వాయువు విడుదలై ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. రెండూ కలిస్తే ఇంకా బాగా పనిచేస్తాయన్న నమ్మకంతో ఇళ్లలో ఇలా కలిపి ప్రాణం మీదికి తెచ్చుకుంటున్నవారు ఇప్పటికీ ఉన్నారు. కంట్లో ద్రావణం పడితే మంచినీటితో కనీసం పదిహేను నిమిషాలు ఆపకుండా కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

నాలుగవది బావిలో కలపడం. ఇందుకు సరైన వేళ రాత్రి, అందరూ నీళ్లు తోడుకోవడం పూర్తయిన తర్వాత. అప్పుడు ఎండ ఉండదు కనుక క్లోరిన్ తరిగిపోదు, తెల్లవారే వరకు ఎవరూ బొక్కెన వేయరు కనుక పని చేయడానికి దానికి తీరిక దొరుకుతుంది. తేట ఉన్న బొక్కెనను నీటి మట్టం కిందికి దించి, పైకీ కిందికీ, ఆ పక్కకూ ఈ పక్కకూ బలంగా ఆడిస్తూ, లోతు వరకు చేరేలా నాలుగైదు సార్లు కలపండి. గట్టు మీద నిలబడి పైనుంచి కుమ్మరిస్తే పై జానెడు నీటికే అది పరిమితమవుతుంది. బొక్కెన, చేంతాడు కూడా ఆ నీటిలో మునిగి శుభ్రపడతాయి. అందరికీ కలిపి గిలకకు ఒకే తాడు, ఒకే బొక్కెన ఉంచే ఏర్పాటు చేసుకున్న వీధుల్లో నీరు ఎక్కువ కాలం బాగుంటుంది, ఎవరి బకెట్ వారు తెచ్చుకునే చోట ప్రతి బకెట్‌తోనూ ఒక పెరటి మట్టి బావిలోకి దిగుతుంది.

బావిలో తాబేలునో, దోమల నివారణకు వదిలిన చేపలనో పెంచుతుంటే వాటిని ముందుగా పైకి తీసి వేరే తొట్టిలో ఉంచండి. మనకు హాని చేయని మోతాదు కూడా చేపలను చంపుతుంది.

ఐదవది ఆగడం. కలిపిన తర్వాత కనీసం గంటసేపు ఎవరూ నీరు తోడకూడదు. తక్కువ మోతాదులో క్లోరిన్ పనిచేసేది కాలం తోడైతేనే. గంట గడిచాక ఆరవది, పరీక్ష.

పంచాయతీ సిబ్బంది దగ్గర, ఆరోగ్య కార్యకర్తల దగ్గర క్లోరోస్కోప్ అనే చిన్న పెట్టె ఉంటుంది. అందులోని గాజు గొట్టాన్ని బావి నీటితో రెండు సార్లు తొలిచి, గీత వరకు నింపి, దానితో ఇచ్చిన ఆర్థోటాలిడిన్ ద్రావణాన్ని చెప్పినన్ని చుక్కలు వేయండి. క్లోరిన్ ఉంటే నీరు పసుపు పచ్చగా మారుతుంది, ఆ పచ్చదనాన్ని పెట్టెలోని రంగుల పట్టీతో పోల్చి అంకె చదవాలి. పది సెకన్ల లోపల కనిపించే రంగే స్వేచ్ఛగా ఉన్న క్లోరిన్‌ది. నెమ్మదిగా, నిమిషాల తర్వాత చిక్కబడే రంగులో, మురికితో ముడిపడి బలం తగ్గిన క్లోరిన్ కూడా కలుస్తుంది. కాబట్టి గొట్టాన్ని పట్టుకుని పక్కవారితో మాట్లాడుతూ ఆలస్యంగా చదివిన అంకె మనల్ని మోసం చేస్తుంది. ఇప్పుడు డీపీడీ అనే మాత్రలతో చేసే పరీక్ష ఎక్కువగా వాడుకలోకి వచ్చింది. అందులో నీరు గులాబీ రంగుకు తిరుగుతుంది, ఫలితం మరింత నమ్మదగినది. ఆర్థోటాలిడిన్ విషపదార్థం కనుక చేతికి అంటనీయకండి, పరీక్షించిన నీటిని బావి గట్టు మీద గానీ తిరిగి బావిలో గానీ పోయకుండా దూరంగా పారబోయండి.

గంట తర్వాత బావిలో లీటరుకు 0.5 మిల్లీగ్రాముల మిగులు కనిపిస్తే పని సరిగా జరిగినట్టు. మన దేశపు తాగునీటి ప్రమాణం ప్రకారం వాడుకునే చోట కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. అందువల్ల మర్నాడు ఏదో ఒక ఇంటి బిందెలోని నీటిని కూడా ఒకసారి పరీక్షించి చూడండి. అంకె 1 దాటితే భయపడనక్కరలేదు, కొన్ని గంటలు ఆగి మళ్లీ చూడండి, వచ్చేసారి తూకం తగ్గించుకోండి. అసలు రంగే రాకపోతే అదే రాత్రి మరో మోతాదు కలపండి. వరుసగా మూడు రోజులు కలిపినా ఏమీ మిగలకపోతే పొడిని పెంచుకుంటూ పోవడం ఆపి, బావిలోకి మురికి ఎక్కడి నుంచి వస్తోందో వెతకండి. మరుగుదొడ్డి గుంత బావికి కనీసం 15 మీటర్లు, అంటే దాదాపు 50 అడుగుల దూరంలో ఉందా, ఒరల మధ్య సందుల్లోంచి వాడిన నీరు దిగుతోందా, గట్టు చుట్టూ సిమెంటు చప్టా పగిలిందా, లోపల ఏ పక్షో ఎలుకో చచ్చి పడిందా అని చూడాలి. కారణం తొలగించకుండా క్లోరిన్ పోయడం చిల్లు కుండలో నీరు పోసినట్టే.

మామూలు రోజుల్లో వారానికి ఒకసారి ఈ పద్ధతి సరిపోతుందని చాలామంది అనుకుంటారు, కానీ ఎక్కువ ఇళ్లు వాడే బావిలో మిగులు ఒకటి రెండు రోజులకు మించి నిలవదు. పరీక్ష చెప్పిన రోజున కలపాలి. ఊళ్లో వాంతులు, విరేచనాలు మొదలైతే మాత్రం ప్రతి రాత్రీ కలపాలి.

ఇంటి పెరటి చిన్న బావులకు రోజూ ఈ శ్రమ పడనక్కరలేకుండా జంట కుండల పద్ధతి ఉంది. నాగ్‌పూర్‌లోని నీరీ (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించిన ఈ ఏర్పాటుకు కుమ్మరి దగ్గర ఒకదానిలో ఒకటి పట్టే రెండు మట్టి కుండలు చేయించుకోవాలి. లోపలి కుండకు పైభాగంలో అంచు దగ్గర, బయటి కుండకు అడుగు నుంచి 4 సెంటీమీటర్ల ఎత్తులో, ఒక్కొక్క సెంటీమీటరు వెడల్పున చిల్లు ఉండాలి. కిలో బ్లీచింగ్ పౌడర్‌ను రెండు కిలోల ముతక ఇసుకతో కలిపి, కొద్దిగా తడిపి, లోపలి కుండలో చిల్లుకు కొంచెం కింది వరకు నింపి, దానిని బయటి కుండలో పెట్టి, మూతికి ప్లాస్టిక్ కాగితం బిగించి కట్టి, నీటి మట్టానికి కనీసం ఒక మీటరు కింద వేలాడదీయాలి. 4,500 లీటర్ల వరకు నీరుండి, రోజుకు 360 నుంచి 450 లీటర్లు తోడే బావిలో ఇది రెండు మూడు వారాలు పనిచేస్తుంది. వీధి బావికి ఇది చాలదు.

ఇప్పుడు వరద సంగతి. 2022 జులైలో భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటి దిగువ లంకలన్నీ మునిగినప్పుడైనా, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఇళ్ల సంపుల్లోకి మురుగు చేరినప్పుడైనా, నీరు తీసిన వెంటనే జరగవలసిన పని వేరు. 1,000 లీటర్లకు రెండున్నర గ్రాముల లెక్క ఇక్కడ పనికిరాదు.

ముందు బావిలోని నీటిని తోడెయ్యాలి, కానీ ఒక్క ఊపున కాదు. చుట్టుపక్కల నేల నీటితో నాని ఉండగా బావిని ఒక్కసారిగా ఖాళీ చేస్తే, బయటి ఒత్తిడికి ఒరలు లోపలికి కూలవచ్చు. చుట్టూ వరద నీరు పూర్తిగా తీసి, నేల కాస్త గట్టిపడిన తర్వాత, సగం తోడి, ఊట వచ్చాక మళ్లీ తోడుతూ రెండు మూడు విడతల్లో చేయండి. డీజిల్ ఇంజన్‌ను బావిలోకి దించి నడపడం ఎంత మాత్రం తగదు. దాని పొగలోని వాయువుకు రంగూ వాసనా ఉండవు, దిగిన మనిషి కేక వేసే లోపలే కూలిపోతాడు. పూడిక తీయడానికి మనిషి దిగవలసి వస్తే, ముందు దీపం దించి చూడటం పాత ఆనవాయితీ. దీపం ఆరితే దిగకూడదన్నది నిజమే గానీ, ఆరకపోయినంత మాత్రాన అన్ని విషవాయువులూ లేవని చెప్పలేం. నడుముకు తాడు కట్టుకుని, పైన ఇద్దరు పట్టుకుని ఉండగా తప్ప ఎవరూ దిగవద్దు. లోపల ఒకరు పడిపోతే కాపాడాలని మరొకరు అలాగే దూకి ఇద్దరూ పోయిన ఇళ్లు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. బ్లీచింగ్ కలిపిన తర్వాత బావిలోకి దిగడం పూర్తిగా నిషిద్ధం.

పూడిక తీసి, ఒరల లోపలి గోడలను గట్టి బ్రష్‌తో రుద్ది, ఊట మామూలు మట్టానికి చేరాక మళ్లీ కొలవండి. ఈసారి 1,000 లీటర్లకు 150 గ్రాములు. అంటే లీటరుకు ఇంచుమించు 50 మిల్లీగ్రాముల క్లోరిన్. మన 8,000 లీటర్ల బావికి 1,200 గ్రాములు, బకెట్‌కు 100 చొప్పున పన్నెండు బకెట్ల తేట. తీరిక లేదని ఆ 1,200 గ్రాములనూ ఒకేసారి కుమ్మరించవద్దని మళ్లీ చెబుతున్నాను. కలిపిన తర్వాత పన్నెండు గంటల పాటు బావికి అడ్డంగా తాడు కట్టి, తాగకూడదని అందరికీ చాటించండి, ఒకరిని కాపలా ఉంచితే మరీ మంచిది. మర్నాడు ఆ నీటిని తోడి పారబోస్తూ, క్లోరోస్కోప్‌లో అంకె 1 కన్నా కిందికి వచ్చే వరకు పరీక్షిస్తూ ఉండాలి. ఆ ఘాటు నీరు చేపల చెరువులోకి, రొయ్యల గుంటల్లోకి, నారుమడిలోకి పారకుండా చూసుకోండి. కోనసీమలో బావికీ చెరువుకూ మధ్య దూరం నాలుగు అడుగులు కూడా ఉండని చోట్లు ఎన్నో ఉన్నాయి.

సంపులకూ మేడ మీది ట్యాంకులకూ క్రమం ఇదే. ఖాళీ చేసి, బురద ఎత్తి, రుద్ది, నింపి, ఘాటు మోతాదుతో పన్నెండు గంటలు ఉంచాలి. తేడా ఒక్కటే, ఘాటు నీటిని అన్ని కుళాయిల గుండా ఒక నిమిషం వదిలి ఆపితే గొట్టాల లోపలి మురికికి కూడా అది తగులుతుంది. తర్వాత ఆ నీరంతా పారబోసి కొత్త నీరు పట్టండి.

క్లోరిన్ చేయలేని పనులు కూడా తెలిసి ఉండాలి. నల్లగొండ, ప్రకాశం జిల్లాల బావుల్లోని ఫ్లోరైడ్‌ను అది తీయదు. నల్లగొండ పేరుతోనే ప్రసిద్ధమైన ఫ్లోరైడ్ తొలగింపు పద్ధతిలో పటిక, సున్నంతో పాటు బ్లీచింగ్ పౌడర్ కూడా కలుపుతారు గానీ, అక్కడ ఫ్లోరైడ్‌ను పట్టేది పటిక, క్రిముల పని పట్టడానికే ఈ పొడి. పురుగు మందుల అవశేషాలకూ, ఉప్పదనానికీ ఇది మందు కాదు. కొన్ని మొండి పరాన్నజీవులు ఈ మోతాదుకు లొంగవు కనుక, వరద రోజుల్లో పసిపిల్లలకూ, జబ్బుపడి లేచినవారికీ ఇచ్చే నీటిని క్లోరిన్ కలిపినా సరే ఒకసారి తెర్ల కాచి చల్లార్చి ఇవ్వండి.

నీటికి మందు వాసన వస్తోందని ఎవరైనా అంటే కసురుకోకండి. బిందె మీద పలుచని బట్ట వాసెన కట్టి ఓ గంట ఉంచితే వాసన చాలావరకు పోతుందని చెప్పండి. మోతాదు సరిగా ఉన్న బావి నీటిలో వాసన లీలగా మాత్రమే ఉంటుంది, ఘాటుగా ఉందంటే ఎక్కడో తూకం తప్పిందని అర్థం, ఆ మాట చెప్పినవారు మనకు మేలే చేశారు.

చివరిగా, బావికి ఒక నోటు పుస్తకం పెట్టండి. తారీఖు, నీటి ఎత్తు, వేసిన గ్రాములు, గంట తర్వాత అంకె, మర్నాటి అంకె, ఈ ఐదూ ఒక వరుసలో రాస్తే చాలు. ఆ బావి ఏ ఋతువులో ఎంత తాగుతుందో రెండు మూడు నెలల్లోనే ఆ పేజీ మీద కనిపిస్తుంది, మీ తర్వాత ఆ పని చూసేవారు మళ్లీ మొదటి నుంచి తడుముకోనక్కరలేదు. వరుస ఇలా ఉండాలి: ఆదివారం రాత్రి 9 గంటలు, నీరు 10 అడుగులు, పొడి 24 గ్రాములు, గంట తర్వాత 0.5, సోమవారం ఉదయం బిందెలో 0.2.